తెరలన్నీ తయారయ్యాక మాటలు నింపమంటున్నారా?

ప్రశ్న: జర్నలిజంలో పీజీ చివరి సంవత్సరం చదువుతూ, ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో యూఎక్స్ రైటర్‌గా, అంటే యాప్ తెరల మీద కనిపించే మాటలు రాసే పనిలో, ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. మూడు బృందాలకూ కలిపి రాసేది నేనొక్కదాన్నే. రెండు వారాల పని విడత (స్ప్రింట్) రేపు ముగుస్తుందనగా డిజైనర్లు తెరలు పంపించి ‘ఇక్కడ మాటలు నింపండి’ అంటారు. ఏదైనా మార్చమని అడిగితే ‘ఇప్పుడు కుదరదు, వచ్చే స్ప్రింట్‌లో చూద్దాం’ అంటారు డెవలపర్లు. రోజూ జరిగే చిన్న సమావేశం, స్టాండప్‌లో నాకు చెప్పడానికి ఏమీ ఉండదు. ఈ రంగంలో నిలబడాలంటే కోడింగ్ నేర్చుకోవాలా? లేక ఈ పని నాకు సరిపడదా?

జవాబు: పని మీకు సరిపడకపోవడం కాదు, అది మీ దగ్గరికి వచ్చే వేళ బాగాలేదు. ఆఖరి రోజున చేతికొచ్చిన తెరలో ఎంత చేయి తిరిగినవారైనా అక్షరదోషాలు దిద్దడానికి మించి చేయగలిగింది తక్కువ. కోడింగ్ సంగతి తర్వాత చూద్దాం.

‘చెల్లింపు విఫలమైంది. మళ్లీ ప్రయత్నించండి’ అన్న ఎర్రర్ మెసేజ్ మీ ముందుకు వచ్చిందనుకోండి. భాషలో తప్పేమీ లేదు. కానీ అది చూసే మనిషికి కావలసింది ఒక్కటే: నా డబ్బు పోయిందా, లేదా? ఆ జవాబు మీ దగ్గరా ఉండదు, డిజైనర్ దగ్గరా ఉండదు. డెవలపర్‌ను అడిగి చూడండి. పిన్ తప్పు కొట్టడం ఒకటి, ఖాతాలో సొమ్ము చాలకపోవడం ఇంకొకటి, బ్యాంకు నుంచి సమాధానం సమయానికి రాకపోవడం మరొకటి అంటారు. మొదటి రెండింటిలో డబ్బు కదలదు. మూడోదాంట్లో కదిలిందో లేదో ఆ క్షణానికి మన వ్యవస్థకే తెలియదు. అలాంటప్పుడు ‘మళ్లీ ప్రయత్నించండి’ అని చెప్పామంటే రెండుసార్లు డబ్బు కట్టించినవాళ్లం కావచ్చు! కస్టమర్ సపోర్ట్‌వారిని కదిపితే, జనం ఫోన్ చేసి ఏమని అడుగుతున్నారో వారి మాటల్లోనే చెబుతారు. సొమ్ము ఫలానా రోజులోగా వెనక్కి వస్తుందని తెర మీద హామీ ఇవ్వవచ్చో లేదో న్యాయ విభాగం తేల్చాలి. ఇదంతా అయ్యేసరికి ఒక మెసేజ్ మూడు మెసేజ్‌లవుతుంది. మూడోదాని కింద బటన్ కూడా మారి ‘చెల్లింపు స్థితి చూడండి’ అవుతుంది. అంటే డిజైన్ మారింది, కోడ్ మారింది, పరీక్షించాల్సిన సందర్భాలూ పెరిగాయి. స్ప్రింట్ ఆఖరి రోజున ఇది ఎవరి తరమూ కాదు. మీ డెవలపర్లు కుదరదన్నది మొండితనంతో కాకపోవచ్చు.

ఇదే ప్రశ్న రెండు వారాల ముందు అడిగి ఉంటే అది సహజంగానే పనిలో కలిసిపోయేది. కాబట్టి మీరు పట్టుబట్టాల్సింది స్టాండప్‌లో మాట్లాడే అవకాశం కోసం కాదు. పదిహేను నిమిషాల ఆ సమావేశం ఆ రోజు పనిని సర్దుకోవడానికే. రాబోయే పనులను విడగొట్టి, ఏది ఎంత పెద్దదో అంచనా వేసే బ్యాక్‌లాగ్ రిఫైన్‌మెంట్ సమావేశం ఉంటుంది చూడండి, మీ కుర్చీ అక్కడ ఉండాలి. ఇంటర్న్‌ను ఎవరు పిలుస్తారని సందేహించకండి. ఏ పని ముందు చేయాలో నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్‌ను అడగండి. ఊరికే ‘నేనూ వస్తాను’ అంటే పెద్దగా పట్టించుకోరు. పోయిన స్ప్రింట్‌లో వాయిదా పడిన మార్పు ఒకటి పట్టుకెళ్లి, ఇది ముందే తెలిస్తే ఎంత పని మళ్లీ చేయాల్సిన అవసరం తప్పేదో చూపించండి. వారికి అర్థమయ్యే లెక్క అదే.

మీకు తెలియాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. 2001లో పదిహేడు మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి, ఇలా చిన్న చిన్న విడతల్లో పనిచేసే పద్ధతులకు మూలమైన అజైల్ ప్రకటన రాసినప్పుడు, వ్యాపారం చూసేవారూ డెవలపర్లూ రోజూ కలిసి పనిచేయాలన్నారు. డిజైనర్, రచయిత అన్న ఊసే అందులో లేదు. ఆ లోటు ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తుంది. అయితే స్ప్రింట్‌లతో నడిచే స్క్రమ్ పద్ధతికి నియమావళి అయిన స్క్రమ్ గైడ్ 2020 ప్రతి ప్రకారం, వాడుకోదగిన ఫలితంలో ఏ భాగాన్నైనా తయారుచేసేవారంతా ‘డెవలపర్లే’. ఆ లెక్కన మీరూ డెవలపరే. ఈ వాక్యాన్ని వాదనకు వాడకండి, ధైర్యానికి వాడుకోండి.

కొన్ని బృందాలు డిజైన్‌నూ రచననూ కోడింగ్ కంటే ఒక స్ప్రింట్ ముందు నడిపిస్తాయి. యూఎక్స్ పరిశోధకురాలు డెజిరే సై 2007లో రాసిన వ్యాసం తర్వాత ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. ఉపయోగమే గానీ, ముందు నడిచేవారు వెనక వచ్చే డెవలపర్లతో మాట్లాడటం మానేస్తే, అంతా తయారుచేసి చేతికిచ్చే పాత పద్ధతే కొత్త పేరుతో తిరిగొస్తుంది. మీరు ముందుగా రాసి ఇచ్చినా, డెవలపర్‌తో కలిసి ఒకసారి చదివి చూసుకోవాల్సిందే.

మూడు బృందాలకు ఒక్కరే అన్నారు. అన్ని సమావేశాలకూ పరుగెత్తితే రాయడానికి వేళ మిగలదు. డబ్బు, వ్యక్తిగత సమాచారం, ఏదైనా శాశ్వతంగా తొలగించడం వంటివి ముట్టుకునే బృందంతో ఎక్కువ గడపండి. మిగతా రెండింటికీ వారానికోసారి నిర్ణీత వేళ కేటాయించి, ఎవరైనా తెర పట్టుకుని రావచ్చని చెప్పండి. మూడింటికీ కలిపి ఒక పదాల పట్టిక పెట్టండి. ఒక బృందం ‘తొలగించండి’ అని, ఇంకో బృందం ‘తీసివేయండి’ అని రాస్తే, రెండూ వేర్వేరు పనులేమోనని వాడేవారు తికమకపడతారు. ఆ పట్టిక మీ సొంత ఫైల్లో దాగి ఉండకూడదు, డిజైనర్లు రోజూ తెరిచే చోటే ఉండాలి. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్.యూకే, మెయిల్‌చింప్ సంస్థ తమ శైలి నియమాలను అందరికీ అందుబాటులో ఉంచాయి. నమూనాగా చదవండి.

ఇక కోడింగ్. ప్రోగ్రాములు రాయనక్కరలేదు, మీ వాక్యం కోడ్‌లో ఎలా కూర్చుంటుందో తెలిస్తే చాలు. సంఖ్య మారే చోట ఖాళీ వదిలి ‘ఫైళ్లు డౌన్‌లోడ్ అయ్యాయి’ అని ఒకే వాక్యం ఇచ్చారనుకోండి. ఒక్క ఫైలు ఉన్నప్పుడు తెర మీద ‘1 ఫైళ్లు డౌన్‌లోడ్ అయ్యాయి’ అని వెక్కిరిస్తుంది. ఏకవచనానికి, బహువచనానికి రెండు వాక్యాలివ్వాలి. ముక్కలు అతికించి వాక్యం చేయవద్దని డెవలపర్‌కు ముందే చెప్పాలి. ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచిన పెట్టెలో తెలుగు వత్తులు కింద తెగిపోవడం కూడా ఇలాంటిదే, అది డిజైనర్‌తో మాట్లాడాల్సిన విషయం. ఈపాటి అవగాహనకు కోర్సు అక్కరలేదు. ఒక డెవలపర్ పక్కన గంటసేపు కూర్చుని చూస్తే వస్తుంది.

ఉద్యోగానికి పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల నమూనాలు) తయారుచేసేటప్పుడు అందమైన వాక్యాలు పేర్చకండి. పైన చెప్పిన చెల్లింపు మెసేజ్ లాంటిది ఒక్కటి తీసుకుని, మొదట ఏముంది, ఎవరిని ఏమడిగారు, ఏ జవాబుతో ఏది మారింది, మీ సూచనల్లో దేన్ని పక్కన పెట్టారు, ఎందుకు అన్నది చూపండి. సంస్థ అనుమతి లేని తెరలు పెట్టకండి. అవసరమైతే వివరాలు మార్చి మళ్లీ గీయండి.

మీ ప్రయత్నం ఎంత చేసినా ప్రస్తుత సంస్థలో మార్పు రాకపోవచ్చు. ఇంటర్న్‌షిప్ పూర్తి చేసి బయటికి రండి, అందులో తప్పు లేదు. తర్వాతి ఇంటర్వ్యూలో మీ వంతు వచ్చినప్పుడు, ‘కొత్త ఫీచర్ పనిలోకి ఇక్కడ రైటర్ ఎప్పుడు వస్తారు?’ అని అడగండి. ‘సమస్యను చర్చించేటప్పుడే’ అని చెప్పి, ఈ మధ్య జరిగిన ఉదాహరణ ఒకటి ఇస్తే మంచిదే. ‘డిజైన్ ఖరారయ్యాక’ అంటే మళ్లీ ఇదే పరిస్థితి ఎదురవుతుంది. అక్కడ చేరాలో వద్దో జీతంతో పాటు దాన్నీ చూసుకుని నిర్ణయించుకోండి.