తీర్పు అనగానే అందరూ గోనెపట్ట కట్టుకోలేదు

"దేవుని తీర్పు వస్తోందని తెలిసినప్పుడు బైబిల్లో అందరూ మారుమనస్సు పొందారా?" అని అడిగారు. లేదండీ. నీనెవె పట్టణం వాళ్లు పొందారు, తప్పు ఒప్పుకుని దేవుని వైపు తిరిగారు. ఇంకో 40 రోజుల్లో ఊరు నాశనమని యోనా ప్రవక్త అనగానే రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు, పశువులకు కూడా గోనెపట్ట (పశ్చాత్తాపానికి గుర్తుగా కట్టుకునే ముతక గుడ్డ) కట్టించాడు. అలాంటివాళ్లు తక్కువ. యూదా రాజు యెహోయాకీమైతే, రాబోయే తీర్పు గురించి యిర్మీయా ప్రవక్త రాయించిన గ్రంథాన్ని చాకుతో కోసి కుంపట్లో వేశాడు.

నాకు దగ్గరగా అర్థమైంది మాత్రం, దేవుడు నాశనం చేయబోతున్న సొదొమ పట్టణంలో ఉన్న లోతు. దూతలు లెమ్మని తొందరపెడుతుంటే 'అతడు తడవు చేసెను' అని ఆదికాండం 19లో ఉంటుంది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇది విని నవ్వుకునేవాళ్లం, నెత్తిన నిప్పు పడబోతుంటే ఎవడైనా ఆలస్యం చేస్తాడా అని. 2009 అక్టోబర్ 2న కర్నూల్లో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు మా నాయన అదే చేశాడు. నీళ్లు గడప దాటాక బియ్యం మూట అటక ఎక్కించి, మళ్లీ టీవీ కోసం దిగాడు. పక్కింటి అన్న చెయ్యి పట్టి లాక్కొచ్చి మిద్దె ఎక్కించాడు. లోతునూ దూతలు చెయ్యి పట్టుకునే ఊరి బయటికి తెచ్చారు. మొండితనం కాదది, మన ఇల్లు మునుగుతుందంటే మనసు ఒప్పుకోదు. లోతు అల్లుళ్లకైతే మామ ఎగతాళి చేస్తున్నట్టే అనిపించింది.

ఆ వరద దేవుని తీర్పు అని నేననడం లేదు. అన్నవాళ్లు ఉన్నారు. నీళ్లు తీశాక ఒక కూడికలో ప్రసంగీకుడు, ఊరి పాపం పండిందన్నాడు. (ఆయన ఇల్లు మునగలేదు లెండి.) మా అవ్వ అక్కడ ఏమీ అనలేదు. ఇంట్లో ఆమె బైబిల్ ఒండ్రులో తడిసి ఉబ్బిపోతే, పుటల మధ్య పాత పేపర్ ముక్కలు పెట్టి మిద్దె మీద ఆరబెడుతోంది. కూడిక నుంచి వచ్చి, ఆ అట్టలు కట్టిన కాగితాల్లోనే లూకా 13 వెతికి నాతో చదివించింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే అపరాధులనుకుంటున్నారా అని యేసు అడిగిన చోటు. కాదని ఆయనే చెప్పాడు. వెంటనే, మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారన్నాడు. చచ్చినవాళ్ల లెక్క అడగడానికి వచ్చినవాళ్లకు తమ లెక్క చూసుకోమన్నట్టు. ఈ రెండో ముక్క దాకా వచ్చేసరికి నా గొంతు తగ్గింది. అప్పటిదాకా ప్రసంగీకుడికి భలే జవాబు దొరికిందని సంబరంగా చదువుతున్నా మరి.

అబ్రాహాము సంగతీ చూడండి. తనది కాని సొదొమ కోసం, అక్కడ 50 మంది నీతిమంతులుంటే వదిలేయమని మొదలుపెట్టి 10 మంది దాకా దేవునితో బేరమాడాడు. యోనా దానికి పూర్తిగా వ్యతిరేకం. నీనెవెకి తూర్పున పందిరి వేసుకుని, ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాడు. ఊరు బతికిందని కోపం, నీడనిచ్చిన సొరచెట్టు ఎండిందని చావాలన్నంత బాధ. లక్షా 20 వేలకు పైగా జనం, బోలెడు పశువులు ఉన్న ఊరి గురించి నేను విచారపడవద్దా అని దేవుడు అడుగుతాడు. యోనా ఏం చెప్పాడో లేదు, పుస్తకం అక్కడే అయిపోతుంది. ఆ ప్రసంగీకుడు గుర్తొస్తే నాకు ఆ పందిరే కళ్లముందుకొస్తుంది.