డయాలసిస్ పడక మీద పాట: ఎప్పుడు వినాలి, ఎప్పుడు పాడాలి

"మా నాన్నగారికి పలాసలో వారానికి మూడుసార్లు డయాలసిస్. పాట వింటుంటే మనసు కుదుటపడుతోందంటున్నారు. ఊళ్ళో భజనల్లో పాడే మనిషి, ఇప్పుడు వార్డులో మిగతావాళ్ళకీ పాడతానంటున్నారు. పాడొచ్చా?" అని అడిగారు. పాడొచ్చండి. కాకపోతే డయాలసిస్ జరిగే ఆ నాలుగు గంటల్లో ఏ వేళకి ఏం జరుగుతుందో చూసుకుని పాడాలి.

కిడ్నీలు పనిచేయకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం క్రియాటినిన్, దాన్ని పాట తగ్గించదు. సూది భయాన్నీ ఆందోళననీ తగ్గిస్తుంది. పలాస చుట్టుపక్కల ఉద్దానం ఇళ్ళల్లో ఈ కిడ్నీ జబ్బుతో బతుకుతున్నవాళ్ళకి అదేం చిన్న సాయం కాదు.

సూదులు గుచ్చడానికి పది నిమిషాల ముందే పాట పెట్టండి. భయం ముదిరాక పెడితే చెవికెక్కదు. ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే, ఫిస్టులా (సూదులు గుచ్చడానికి చేతిలో సిద్ధం చేసిన రక్తనాళం) లేని వైపు. వైరు ట్యూబుల్లో చిక్కుకోదు, అలారం మోగినా సిస్టర్ పిలిచినా వినబడుతుంది. ఒకరిది ఇంకొకరు పెట్టుకోవద్దు.

చివరి గంటలో మాత్రం కళ్ళు మనిషి మీదే ఉండాలి. ఒంట్లో నీరు తీసేకొద్దీ బీపీ పడిపోవడం అప్పుడే ఎక్కువ. ఆవలింతలు, చెమట, కళ్ళు మసకలు కమ్మడం, పిక్కలు పట్టేయడం దాని గుర్తులు. కళ్ళు మూసుకుని పాట వింటుంటే హాయిగా నిద్రపోతున్నారనుకుని వదిలేస్తారు. పావుగంటకోసారి పలకరించండి, బదులు రాకపోతే వెంటనే సిస్టర్‌ని పిలవండి.

ఇక పాడటం. సూదులు కుదురుకుని బీపీ నిలకడగా ఉంటే రెండో గంట మంచి సమయం, అదీ ఇరవై నిమిషాలకి మించకుండా. రక్తం తక్కువగా ఉంటుంది కాబట్టి ఆయాసం తొందరగా వస్తుంది. రోజూ పాడే శ్రుతికి ఒక మెట్టు దిగి, పల్లవి సగంలోనే ఊపిరి తీసుకోమనండి. తాళం ఫిస్టులా ఉన్న చేత్తో వేయకూడదు, సూది కదిలిపోతుంది. రెండో చేతి వేళ్ళతో తొడ మీద వేస్తే చాలు. అలవాటున్నవాళ్ళకి ఇదే కష్టం, ఊపులో ఆ చెయ్యి దానంతటదే లేచిపోతుంది. అందుకే మొదట్లో మీరు పక్కనే కూర్చోండి.

అందరూ మరిచిపోయేది దాహం. పాడితే నోరెండుతుంది, ఒక గ్లాసు నీళ్ళు తాగేస్తారు. రోజుకి ఇన్ని నీళ్ళని డాక్టరు కట్టిన లెక్క అక్కడే తప్పుతుంది. పుక్కిలించి ఉమ్మేయమనండి. రెండు రోజుల ఎడం వచ్చినప్పుడు నీరు పట్టి ఊపిరి బరువుగా ఉంటుంది, ఆ రెండో రోజు సాధన వద్దు. పడుకుంటే ఆయాసం వస్తోందంటే తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మిగతావాళ్ళకి పాడాలంటే ముందు వార్డు ఇన్‌ఛార్జి అనుమతి కావాలి. తర్వాత పక్క పడకలవాళ్ళని ఒక్కొక్కరినీ అడగాలి. వద్దన్నవాళ్ళు ఒక్కరున్నా ఆ రోజు గొంతు తగ్గించాలి, లేదా మానాలి. పేషెంట్లని మెషిన్ మీదికి ఎక్కించే, దించే వేళల్లో పాడితే సిస్టర్ల పనికి అడ్డు. తన డయాలసిస్ లేని రోజున వెళ్ళి పడక పక్కన కూర్చుని పాడితే ఆయనకీ ఒంటికి తేలిక.

ఏం పాడాలో వినేవాళ్ళనే అడగండి. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల మన పక్కనే ఉంది కదా అని, శాస్త్రీయ సంగీతమైతేనే పనిచేస్తుందనుకుంటారు కొందరు. ఫలానా జబ్బుకి ఫలానా రాగమనే పట్టికల్ని నేను నమ్మను. జీడితోటల్లో పనిచేసిన అమ్మకి ఊడుపు పాటే దగ్గరగా ఉంటుంది. తప్పెటగుళ్ళ పాటైనా సరే, తప్పెట లేకుండా గొంతుతో మెల్లగా పాడొచ్చు. శవం దగ్గర పాడే తత్వాలు మాత్రం ఎవరూ అడగకుండా ఎత్తుకోవద్దు.

కిందటిసారి ఉన్న మనిషి ఈసారి పడకలో కనబడకపోతే, గొంతు విప్పేముందు సిస్టర్‌ని పక్కకి పిలిచి కనుక్కోండి. చనిపోయారని తెలిస్తే ఆ రోజు పాట ఎత్తుకోకుండా కాసేపు మిగతావాళ్ళ పక్కన కూర్చుని రమ్మని నాన్నగారికి చెప్పండి.