పెద్ద అంకెలకు పన్నెండు వోల్టులు

సంక్రాంతి దగ్గరపడుతోందంటే నాకు స్కోర్ బోర్డుల ఉత్తరాలు మొదలవుతాయి. ఈ నెల వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఒకటే ఫిర్యాదు: ప్రోగ్రాం బాగానే ఉంది, అంకెలే సరిగ్గా వెలగడం లేదు. ప్రోగ్రాం తెరవకుండానే వీటిలో చాలావాటికి జవాబు చెప్పొచ్చు. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఉన్నన్నాళ్లూ పిల్లలతో నేను అన్న మాటే మీతోనూ అంటాను: ముందు మీటర్ తియ్యండి, ల్యాప్‌టాప్ తర్వాత.

ప్రశ్న: మేడమ్ గారూ, పండక్కి మా ఊళ్లో కబడ్డీ పోటీలు పెడుతున్నాం. స్కోరు కోసం 4 అంగుళాల ఎర్ర అంకెలు ఆరు తెప్పించాం. ఆర్డుయినో ఉనోకి (ప్రోగ్రాం పెట్టే చిన్న బోర్డు) కలిపితే అంకెలోని ఏడు గీతల్లో ఒక్కటి కూడా వెలగలేదు. మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి చూసినా ఏమీ రాలేదు. షాపువాడు పాడైన సరుకు అంటగట్టాడా? – ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: షాపువాడితో అప్పుడే గొడవ పెట్టుకోకండి. సరుకు బాగానే ఉండి ఉండొచ్చు. చేతిగడియారంలో పట్టేంత చిన్న అంకెలో ఒక్కో గీతకు ఒక్క ఎల్‌ఈడీ ఉంటుంది. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి దాదాపు 2 వోల్టులు చాలు కాబట్టి ఆర్డుయినో ఇచ్చే 5 వోల్టులు సరిపోతాయి. మీ 4 అంగుళాల అంకెలో అలా కాదు. ఒక్కో గీత లోపల నాలుగో ఐదో ఎల్‌ఈడీలు ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉంటాయి. అంటే ఆ గీతకు 8 నుంచి 10 వోల్టులు పడాలి. 5 వోల్టులకు అది కన్ను కూడా తెరవదు. డయోడ్ మోడ్‌లో మామూలు మీటర్ బయటికిచ్చేది సుమారు 3 వోల్టులే, దానికీ అంతే సంగతి.

పరీక్ష ఇలా చేయండి. 12 వోల్టుల అడాప్టర్, ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్ తీసుకోండి. అడాప్టర్ ప్లస్‌ని రెసిస్టర్ గుండా కామన్ పిన్నుకి (గీతలన్నిటికీ ఉమ్మడిగా ఉండేది), మైనస్‌ని ఒక గీత పిన్నుకి తగిలించండి. వెలిగితే మీది కామన్ యానోడ్, అంటే ప్లస్ ఉమ్మడి. వెలగకపోతే ప్లస్, మైనస్ తారుమారు చేసి చూడండి. అప్పుడు వెలిగితే కామన్ క్యాథోడ్, అంటే మైనస్ ఉమ్మడి. ఆ రెసిస్టర్ ఉన్నంతవరకు నాలుగైదు మిల్లీ ఆంపియర్లకు మించి పోదు కాబట్టి ఏదీ కాలిపోదు. వెలుగుతున్నప్పుడు గీత రెండు చివరల మధ్య వోల్టేజి కొలిచి కాగితం మీద రాసుకోండి. మీ బోర్డు లెక్క మొత్తం ఆ అంకె మీదే నడుస్తుంది.

ఉదాహరణకు 9 వోల్టులు వచ్చిందనుకోండి. 12లోంచి 9 తీస్తే 3. గీతకు 20 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలంటే 3ని 0.02తో భాగించాలి, 150 ఓమ్‌లు. పావు వాటు రెసిస్టర్ చాలు. ఇది గీతకొకటి చొప్పున పెట్టాలి. ఖర్చు తగ్గుతుందని కామన్ పిన్ను దగ్గర ఒక్కటే పెట్టేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే 1 వేసినప్పుడు రెండు గీతలు ధగధగా మెరుస్తాయి, 8 వేసినప్పుడు ఏడు గీతలూ నీరసపడతాయి. స్కోరు మారినప్పుడల్లా వెలుగు కూడా మారే బోర్డు చూడ్డానికి చికాకుగా ఉంటుంది. అంకె పక్కనుండే చుక్కలో ఎల్‌ఈడీలు తక్కువ ఉంటాయి, దాన్ని వాడితే వేరుగా కొలిచి వేరే రెసిస్టర్ పెట్టాలి. కబడ్డీకి చుక్కతో పనిలేదు, వదిలేయండి.

ఇక ఈ 12 వోల్టులను ఆర్డుయినో పిన్ను దగ్గరికి రానివ్వకూడదు. మూడు వైర్ల మీద వచ్చే బిట్లను ఎనిమిది పిన్నులకు పంచే, అందరి దగ్గరా ఉండే 74హెచ్‌సీ595 చిప్ కూడా పనికిరాదు. అది కూడా 5 వోల్టుల ప్రాణే, పైగా చిప్ మొత్తం మీద 70 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. మీకు కావాల్సింది దాని పెద్దన్న, టీపీఐసీ6బీ595. దీని అవుట్‌పుట్లు 50 వోల్టుల దాకా తట్టుకుంటాయి, ఒక్కోటి 150 మిల్లీ ఆంపియర్లు లాగగలదు. లాగడమే తప్ప ఇవ్వడం దానికి చేతకాదు. అందుకే అంకెలు కామన్ యానోడ్‌వే కావాలి. 12 వోల్టుల ప్లస్ నేరుగా కామన్‌కి వెళ్తుంది, గీత నుంచి రెసిస్టర్ గుండా వచ్చిన కరెంటును చిప్ గ్రౌండ్‌లోకి దించుతుంది. మీవి కామన్ క్యాథోడ్ అని తేలితే మాత్రం షాపుకెళ్లి మార్పించుకోండి. దానికీ సర్క్యూట్ ఉంది గానీ పండగ ముందు ఆ తంటా మీకెందుకు?

ఆరు అంకెలకు ఆరు చిప్‌లు. ఒకదాని డేటా అవుట్‌ని పక్కదాని డేటా ఇన్‌కి కలుపుతూ పోండి. క్లాక్ (బిట్లను ఒక్కో అడుగు జరిపేది), లాచ్ (జరిగినవాటిని గీతల మీదికి తెచ్చేది) వైర్లు అన్నింటికీ ఉమ్మడి. అంకెలు పంపడానికి ఆర్డుయినో నుంచి మూడే వైర్లు వస్తాయి. ఇల్లు కట్టేచోట కూలీలు వరసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చినట్టే ఇది కూడా: ముందు పంపిన అంకె అన్నిటికంటే దూరంగా ఉన్న చిప్‌కి చేరుతుంది. స్కోరు తలకిందులుగా వచ్చిందని రాసేవాళ్లు ఈ సంగతి మరిచిపోయినవాళ్లే.

ప్రతి చిప్ పక్కనా 0.1 మైక్రో ఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి. క్లియర్ పిన్ను 5 వోల్టులకు కలపండి. అవుట్‌పుట్లను ఆపే జి అనే పిన్నును ఆర్డుయినో పీడబ్ల్యూఎం పిన్నుకి (వేగంగా ఆన్, ఆఫ్ చేసి వెలుగు తగ్గించేది) ఇచ్చి, అక్కడి నుంచే 5 వోల్టులకు ఒక 10 కిలో ఓమ్ రెసిస్టర్ వేయండి. స్విచ్ వేయగానే పిచ్చి అంకెలు మెరవవు, రాత్రిపూట వెలుగు తగ్గించుకోవడానికీ పనికొస్తుంది. 12 వోల్టుల మైనస్, ఆర్డుయినో గ్రౌండ్ రెండూ కలిసి ఉండాలి, ఇది మరిచిపోతే ఏదీ పనిచేయదు. అన్నిచోట్లా 8 పడితే 42 గీతలు, మొత్తం 840 మిల్లీ ఆంపియర్లు. 12 వోల్టులు, 2 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ హాయిగా మోస్తుంది. ఆర్డుయినోకి అదే 12 నేరుగా ఇస్తే దాని రెగ్యులేటర్ వేడెక్కుతుంది, మధ్యలో ఎల్‌ఎం2596 బక్ కన్వర్టర్ పెట్టి 5 వోల్టులకు దించి 5వీ పిన్నుకి ఇవ్వండి.

అంకెల కోడ్‌లు కూడా ఇస్తున్నాను, మళ్లీ ఉత్తరం రాయక్కర్లేకుండా. ఎ గీతను (అంకె పైనున్న గీత) మొదటి బిట్‌గా తీసుకుంటే 0 నుంచి 9 దాకా వరసగా 63, 6, 91, 79, 102, 109, 125, 7, 127, 111. ఈ చిప్‌లో బిట్ 1 అయితే గీత వెలుగుతుంది కాబట్టి కామన్ యానోడ్ అని వీటిని తిరగేయక్కర్లేదు.

ప్రశ్న: మా బోర్డులో కూతకు 30 సెకన్ల గడియారం బాగానే ఉంది. 20 నిమిషాల సగం ఆట గడియారం మాత్రం రిఫరీ వాచీతో పోలిస్తే వెనకబడుతోంది. డిలే 1000 అనే పెట్టాను మేడమ్. – మిర్యాలగూడ నుంచి ఒక పీఈటీ

జవాబు: డిలే 1000 అంటే సెకను ఆగడం. ఆగాక అంకెలు పంపడానికి, బటన్లు చూడ్డానికి పట్టే సమయం దానికి అదనం. ఆ అదనం 1200 సార్లు పోగుపడుతుంది. డిలే తీసేసి మిల్లిస్‌తో (ఆన్ చేసినప్పటి నుంచి గడిచిన మిల్లీ సెకన్లు చెప్పేది) లెక్కపెట్టండి, బటన్లు కూడా నొక్కగానే పలుకుతాయి. అప్పటికీ చిన్న తేడా మిగలొచ్చు, ఎందుకంటే ఉనోలో అసలు చిప్‌కి ఉన్నది క్రిస్టల్ కాదు, సిరామిక్ రెసొనేటర్. అది అర శాతం అటూ ఇటూ ఉందంటే 20 నిమిషాలకు 6 సెకన్లు. కబడ్డీలో 6 సెకన్లంటే కొట్లాటే. డీఎస్3231 గడియారం మాడ్యూల్ కొని, దాని సెకనుకొక పల్స్ ఇచ్చే పిన్నును వాడుకోండి. కూత గడియారానికి మిల్లిస్ చాలు, అందులో తేడా ఎవరి కంటికీ ఆనదు.

ప్రశ్న: మేడమ్, నేను డిప్లొమా ఫైనల్ ఇయర్. నాలుగు పెద్ద అంకెలను మల్టీప్లెక్సింగ్‌తో నడుపుతున్నాను, గీతల కరెంటు లాగడానికి యూఎల్‌ఎన్2803 చిప్. దగ్గర బాగుంది, హాలు చివరి నుంచి చూస్తే మసగ్గా ఉంది. ఫోన్‌లో వీడియో తీస్తే గీతలు గీతలుగా కదులుతోంది. మల్టీప్లెక్సింగ్ వదలొద్దని మా గైడ్ అంటున్నారు. – వరంగల్ విద్యార్థిని

జవాబు: నాలుగు అంకెలను వంతులవారీగా వెలిగిస్తున్నావు కాబట్టి ఒక్కో అంకె వెలిగేది నాలుగో వంతు సమయమే అమ్మా. ఆ లోటు పూడ్చాలంటే వెలిగినంతసేపూ నాలుగు రెట్లు, అంటే 80 మిల్లీ ఆంపియర్లు తోయాలి. నీ సర్క్యూట్‌లో అందుకు చోటేదీ? యూఎల్‌ఎన్2803 డార్లింగ్టన్ (రెండు ట్రాన్సిస్టర్ల జత) కాబట్టి తానే దాదాపు ఒక వోల్టు తినేస్తుంది. పైన అంకెను ఎంచే ట్రాన్సిస్టర్ ఇంకొంచెం తింటుంది. 12లో గీతకు పోగా మిగిలేది అరకొరే. పైగా ప్రోగ్రాం ఎక్కడైనా ఇరుక్కుపోతే ఒకే అంకె మీద ఆ 80 మిల్లీ ఆంపియర్లు ఆగకుండా పారుతుంది, ఆ అంకె పోతుంది.

మల్టీప్లెక్సింగ్ పుట్టింది పిన్నులు, చిప్‌లు ఆదా చేయడానికి. బల్లమీది గడియారానికి అది సరైన పద్ధతే. దూరం నుంచి చూసే బోర్డుకు అంకెకొక చిప్ పెట్టి ఎప్పుడూ వెలిగేలా చేయడమే నాకు నచ్చిన దారి. పైన చెప్పినట్టు చిప్‌లను వరసగా కలిపితే ఆర్డుయినో పిన్నులు మూడే చాలు. గైడ్‌తో వాదించకు. రెండు అంకెలు ఒక పద్ధతిలో, రెండు ఇంకో పద్ధతిలో కట్టి పక్కపక్కన పెట్టి హాలు చివరికి తీసుకెళ్లు. వైవాలో చెప్పడానికి నీకు అంతకంటే మంచి విషయం దొరకదు.

ప్రశ్న: మా డాక్టరుగారి క్లినిక్‌లో టోకెన్ బోర్డు నేనే చేశాను. ఆర్డుయినో డాక్టరుగారి బల్ల మీద, అంకెలు హాల్లో, మధ్యలో 15 మీటర్ల వైరు. నీళ్ల మోటారు వేసినప్పుడల్లా 24 చెదిరి ఏవేవో పిచ్చి గీతలు పడుతున్నాయి. పేషెంట్లు నా మీద అరుస్తున్నారు. – కాంపౌండరు, నంద్యాల

జవాబు: మోటారు ఆన్ అయినప్పుడు పుట్టే విద్యుత్ రొదను మీ పొడుగాటి క్లాక్, లాచ్ వైర్లు పట్టేస్తున్నాయి. చిప్ దాన్ని ఇంకో క్లాక్ అనుకుని బిట్లను ముందుకు జరుపుతుంది, లాచ్ వైరు మీది రొద ఆ తప్పును గీతల మీదికి తెస్తుంది. ఆ మూడు వైర్లు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, అవి బోర్డు లోపల తిరగడానికే తప్ప గది దాటడానికి కాదు.

ఆర్డుయినోను తీసుకెళ్లి అంకెల వెనకే పెట్టండి. డాక్టరుగారి బల్ల మీద ఇంకో చిన్న ఆర్డుయినో, బటన్లు ఉంచండి. రెండింటి మధ్యా ఆర్‌ఎస్485 పద్ధతిలో దూరానికి సంకేతాలు పంపే మ్యాక్స్485 మాడ్యూళ్లు, నెట్‌వర్క్ కేబుల్‌లో ఒక మెలితిప్పిన జత, గ్రౌండ్ కోసం ఇంకో తీగ. ఆర్‌ఎస్485 పద్ధతి తక్కువ వేగంలో 1200 మీటర్ల దాకా పోతుంది, మీ 15 మీటర్లు దానికి లెక్కలోకి రావు. రెండు చివరలా 120 ఓమ్ రెసిస్టర్ ఉందో లేదో చూసుకోండి, చాలా మాడ్యూళ్ల మీద ముందే ఉంటుంది.

ఇదంతా చేసేలోపు పేషెంట్ల నుంచి తప్పించుకోవడానికి ఒక చిట్కా: బటన్ నొక్కినప్పుడే కాకుండా సెకనుకు నాలుగైదుసార్లు అదే నంబరును మళ్లీ మళ్లీ పంపుతూ ఉండండి. తప్పు పడినా కన్ను ఆర్పేలోపు సరైపోతుంది. కొత్త వైరింగ్ వచ్చాక కూడా ఈ అలవాటు మానొద్దు.

ప్రశ్న: అడుగున్నర ఎత్తు అంకెలు కొనాలంటే ధర భరించలేం. 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ ముక్కలతో మేమే చేసుకోవచ్చా? వాలీబాల్ కోర్టుకు. – తెనాలి మిత్రబృందం

జవాబు: బ్రహ్మాండంగా చేసుకోవచ్చు. స్ట్రిప్‌లో ప్లస్ ఉమ్మడిగా ఉంటుంది కాబట్టి అది పుట్టుకతోనే కామన్ యానోడ్. రెసిస్టర్లు కూడా దానిమీదే ఉంటాయి. చూడాల్సింది కరెంటు ఒక్కటే. మీటరుకు 60 ఎల్‌ఈడీల స్ట్రిప్ 5 సెంటీమీటర్లకొకచోట తెగుతుంది, ఆ ముక్కలో మూడు ఎల్‌ఈడీలు. 3528 రకం అయితే ముక్కకు 20 మిల్లీ ఆంపియర్లు, 5050 రకం అయితే 60. మీ గీత 20 సెంటీమీటర్లు, అంటే నాలుగు ముక్కలు: మొదటిదానికి 80, రెండోదానికి 240.

80 అయితే పైన చెప్పిన టీపీఐసీ చిప్‌తోనే పని జరుగుతుంది. సాయంత్రం ఆటలకు ఆ వెలుగు చాలు. 240 దాని వల్ల కాదు. యూఎల్‌ఎన్2803 ఒక్కో చానల్ 500 అని ఉంటుందని ఆశపడకండి. ఏడు గీతలూ కలిసి వెలిగితే అది ఒకటిన్నర వాటుకు పైగా వేడిని మింగాలి, ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. గీతకొక ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) పెట్టండి. వీటిని నడపడానికి మామూలు 74హెచ్‌సీ595 చాలు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే పేరు చీటీ మీద రాసుకుని వెళ్లండి, అది లేదని ఐఆర్‌ఎఫ్540 చేతిలో పెడితే తీసుకోకండి. దాని గేటుకు 10 వోల్టులు కావాలి, 5 వోల్టులకు సగం సగమే తెరుచుకుని వేడెక్కుతుంది.

ప్రశ్న: మధ్యాహ్నం ఎండలో బోర్డు మీద అంకె కనపడటం లేదు. కరెంటు పెంచమంటారా? – ఒక పాఠకుడు, కడప

జవాబు: వద్దు. ఎదురుగా ఎర్ర రంగు యాక్రిలిక్ షీట్ బిగించండి, అంకెల చుట్టూ మెరుపులేని నల్ల రంగు వేయండి, పైన జానెడు చూరు దించండి. బోర్డు ముఖం ఉత్తరానికి తిప్పగలిగితే ఇంకా మంచిది. కడప ఎండను కరెంటుతో గెలవలేం.

ప్రశ్న: ఆర్డుయినో తీసేసి వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు పెట్టాను, ఫోన్ నుంచి స్కోరు మార్చొచ్చని. అదే చిప్, అదే వైరింగ్. ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. టెన్షన్ పెడుతోంది మేడమ్. – రాజమండ్రి నుంచి

జవాబు: ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3 వోల్టులు. టీపీఐసీ6బీ595కి 5 వోల్టుల సప్లై ఇచ్చినప్పుడు, ఒకటి అని గుర్తించడానికి దానికి 4.25 వోల్టులు కావాలని డేటాషీట్‌లో రాసి ఉంది. ఒక్కోసారి పనిచేయడం మీ అదృష్టం, దాన్ని నమ్ముకుని ఆటకు వెళ్లకండి. మధ్యలో 3.3 వోల్టుల సంకేతాన్ని 5 వోల్టులకు పెంచే 74హెచ్‌సీటీ245 చిప్ ఒకటి పెట్టి, దానికి 5 వోల్టుల సప్లై ఇచ్చి, డేటా, క్లాక్, లాచ్, జి నాలుగూ దాని గుండా పంపండి. పేరులో ‘టీ’ ఉన్నదే అడగండి, అది లేని 74హెచ్‌సీ245తో ఇబ్బంది మళ్లీ మొదటికొస్తుంది.