ఏమీ జరగని ఏడాదిని ఎలా రాసుకోవాలంటే

అమ్మలూ,

"ఈ సంవత్సరం చెప్పుకోడానికి ఏమీ లేదు పెద్దమ్మా, ఆఫీసు, ఇల్లు, అంతే" అన్నావు. ప్రమోషన్ రాలేదని, సంబంధం కుదరలేదని ఏడాదంతా వృథా అయిపోయినట్టు బాధపడుతున్నావు. అలా తీసిపారెయ్యకు. డిసెంబరు అయిపోయే లోపు ఒక నోట్‌బుక్ తీసుకుని కూర్చో.

"ఏం సాధించాను" అని మొదలుపెట్టొద్దు. దానికి జవాబు ఆఫీసు అప్రైజల్‌లో ఎలాగూ రాస్తావు. నెలల వారీగా గుర్తు తెచ్చుకుందామన్నా మార్చికీ ఆగస్టుకీ తేడా తెలీదు. మన ఊరి పండగలు పట్టుకుని వెళ్లు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో నుమాయిష్ ఉంటుంది కదా, ఎవరితో వెళ్లావు? వెళ్లకపోతే ఎందుకు కుదర్లేదు? ఉగాది పచ్చడి ఎవరింట్లో తిన్నావు? మృగశిర కార్తెకి అదే గ్రౌండ్‌లో చేప మందు కోసం జనం బారులు తీరారే, ఆ వారం నీ మనసు ఎలా ఉంది? గోల్కొండలో మొదలైన బోనాలు సికింద్రాబాద్ మహంకాళి గుడికి, ఆ తర్వాత లాల్‌దర్వాజకి వచ్చేసరికి ఆషాఢమంతా గడిచిపోతుంది. ఆ ఆదివారాల్లో ఇంటికి ఎవరొచ్చారు? సద్దుల బతుకమ్మ నాడు నీ పక్కన ఆడింది ఎవరు? ఇలా అడుక్కుంటూ పోతే ముందు మనుషులు గుర్తొస్తారు, వాళ్ల వెనకే మాటలు గుర్తొస్తాయి.

తర్వాత ఫోన్‌పే హిస్టరీ తియ్యి. పెద్ద మొత్తాల జోలికి పోకు. ఒకే టీ కొట్టుకి రోజూ కట్టిన చిల్లర ఏదో ఒక నెలలో ఆగిపోయి ఉంటుంది. నీతో టీకి వచ్చే అమ్మాయి ఉద్యోగం మారిందా? రాయి. మెడికల్ షాపు పేరు వరసగా కనిపిస్తే ఇంట్లో ఎవరికి బాగాలేదో రాయి. ఆ తర్వాత కనిపించడం మానేస్తే వాళ్లు కోలుకున్నారని కూడా రాయి. ఈ రెండోది ఎవరూ రాయరు, నాకు అదే ముఖ్యం.

ఉగాదికి పంచాంగంలో రాశికి ఇంత ఆదాయం, ఇంత వ్యయం, రాజపూజ్యం, అవమానం అని చదువుతారు కదా. ఆ నాలుగు మాటలూ పేజీలో రాసుకుని ఏడాది చివర నువ్వే నింపు. రాజపూజ్యం కింద నిన్ను ఆదరించినవాళ్ల పేర్లు రాయి, సెక్యూరిటీ గార్డు అయినా సరే. అవమానం దాచుకోకు, రెండు ముక్కల్లో రాసి వదిలెయ్యి. దాని మీద పేజీలు పెంచితే మళ్లీ టెన్షనే.

నా నోట్‌బుక్‌లలో నేను ఎక్కువసార్లు తెరిచేది ఒక మామూలు ఏడాదిదే. అందులో విశేషాలేమీ లేవు. అత్తయ్య రోజూ పొద్దున్నే ఇందిరా పార్కుకి నడిచి వెళ్లేది, వస్తూ కరివేపాకు తెచ్చేది, పాలవాడితో ధర గురించి వాదించేది. ఆవిడ మోకాళ్లు బాగున్న ఆఖరి ఏడాది అదేనని అప్పుడు మాకెవరికీ తెలీదు. రాసి ఉంది కాబట్టి ఆ వాదనలు కూడా నా దగ్గర ఉన్నాయి.

ఫోటోలు డిలీట్ చెయ్యకు. అన్నీ అయ్యాక మీ అమ్మని కూర్చోబెట్టి, ఈ ఏడాది నా గురించి నీకేం గుర్తుందని అడుగు. తను చెప్పింది తన మాటల్లోనే రాయి, సరిదిద్దకు. కింద తారీఖు వెయ్యడం మర్చిపోకు.

మీ పెద్దమ్మ