తెల్లటి చోటే తోలు ఊడుతుంటే అది గజ్జి కాదు

ప్రశ్న: మాకు 60 నెల్లూరు గొర్రెలున్నాయి. సంతలో కొన్న 12 పల్ల (తెల్లవి), జోడిపి (తెల్లటివే, ముఖం మీద నల్లమచ్చలున్నవి) గొర్రెల్ని మందలో కలిపి కొండవార మేపుతున్నాం. పది రోజులకే వాటిలో ఏడింటికి చెవులు, మూతి వాచి తోలు పెచ్చులుగా ఊడుతోంది. ఎండలో నిలవడం లేదు, తల విదిలిస్తున్నాయి. మందుల షాపులో గజ్జి అని ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు. ఒక్కోదానికి 3 మి.లీ. చొప్పున రెండుసార్లు వేశాం. తగ్గలేదు.
– ఒక రైతు, ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: మూడో సూది వేయకండి. గజ్జి పురుగుకు నలుపూ తెలుపూ తేడా లేదు. మీ జోడిపి గొర్రెల ముఖం దగ్గరగా చూడండి. కంటి చుట్టూ నల్లమచ్చ ఉన్నంత మేరా తోలు బాగుండి, మచ్చ అంచు దాటగానే తెల్లచోట ఊడుతుంటే అది వెలుగుకు కాలిన తోలు. కింది కనురెప్ప లాగండి. లోపల పసుపు కనిపిస్తే జబ్బు కాలేయంలో ఉంది.

కొండవార అన్నారు కాబట్టి నా అనుమానం తలంబ్రాల చెట్టు మీద. లాంటానా, పులికంప అన్నా అదే. అలవాటున్న గొర్రెలు దాన్ని పెద్దగా ముట్టవు. కొత్తగా వచ్చి ఆకలి మీదున్నవే తింటాయి.

మేతలోని పత్రహరితం పొట్టలో అరిగి ఫిల్లోఎరిత్రిన్ అవుతుంది. మామూలుగా అది పైత్యరసంతో బయటికి పోతుంది. లాంటానా విషం పైత్యానికి అడ్డుపడితే ఆ ఫిల్లోఎరిత్రిన్ రక్తంలో కలిసి తోలుకు చేరుతుంది. అక్కడ వెలుగు పీల్చుకున్న ఆ అణువు తన శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అంటిస్తుంది. కణాల పొరల్ని కాల్చేది ఆ ఆక్సిజనే. శక్తి దించుకున్న అణువు మామూలై మళ్లీ వెలుగు పీలుస్తుంది, అందుకే రవ్వంత ఉన్నా పుండు పడుతుంది. నల్లతోలులోని మెలనిన్ కూడా వెలుగు పీలుస్తుంది గానీ వేడిగా మార్చి వదిలేస్తుంది. మన నెల్లూరు జాతికి ఉన్ని కూడా లేదు, పొట్టి వెంట్రుకలే కాబట్టి వీపు మీదా చూసుకోండి.

ఈరోజే ఏడింటినీ కొట్టంలో కట్టేయండి. చెట్టునీడ చాలదు, పక్కలకు గోనె పట్టాలు దించి చీకటి చేయండి. పచ్చిమేత పూర్తిగా బంద్. ఎండు వరిగడ్డి, కొద్దిగా దాణా, చల్లటి నీళ్లు పెట్టండి. విషం వల్ల పొట్ట కదలిక ఆగిపోతుంది, తిన్న ఆకు లోపలే ఉండి రోజుల తరబడి విషం ఎక్కిస్తుంది. అందుకని ఇప్పటికైనా యాక్టివేటెడ్ చార్‌కోల్ (విషాన్ని పట్టుకునే మందు బొగ్గు) పట్టించాలి. కిలో బరువుకు 5 గ్రాములు, అంటే 30 కిలోల గొర్రెకు 150 గ్రాములు 1.2 లీటర్ల నీళ్లలో కలిపి, పశువైద్యుడి చేత గొట్టంతో పొట్టలోకి. సీసాతో మీరే పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. పొయ్యి బొగ్గు దంచి పోయొద్దు, అది ఈ మందు బొగ్గు కాదు. పుండ్లకు జింక్ ఆక్సైడ్ ఆయింట్‌మెంట్, ఈగలు వాలకుండా చుట్టూ వేపనూనె.

ఇక ఆ సూది సంగతి. 1 శాతం ఐవర్‌మెక్టిన్ 50 కిలోలకు 1 మి.లీ. మీ గొర్రె 30 కిలోలుంటే 0.6 మి.లీ. చాలు, మీరు వేసింది ఐదింతలు, అదీ రెండుసార్లు! ఆ మందు బయటికి పోవాల్సిందీ కాలేయం ద్వారానే. మూసుకుపోయిన దారిలోకి ఇంకో బండి తోలినట్టుంది. షాపాయన గొర్రెను చూశాడా? లివర్ టానిక్, ఆక్సీటెట్రాసైక్లిన్ కూడా ఆయన్నడిగి తేకండి. రెండోది వెలుగుతో చర్య జరిపే గుణమున్న మందు, ఇప్పుడసలే వద్దు. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి.

జ్వరం, నాలుక మీద పుండ్లు, గిట్టల పైన ఎర్రదనం, కుంటు ఉంటే అది నీలినాలుక కావచ్చు. నల్లచోటా తెల్లచోటా బుడిపెలుంటే బొబ్బరోగం. రెండింటిలో ఏదనిపించినా మందను విడదీసి వెంటనే డాక్టర్‌కు చెప్పండి.

కనురెప్ప పసుపు పోయాక వారం పాటు పొద్దుగూకిన తర్వాతే బయటికి వదలండి. తలంబ్రాల చెట్టు కొడితే మళ్లీ చిగురిస్తుంది, వాన పడి నేల మెత్తబడినప్పుడు వేళ్లతో పెకలించండి. పీకినవి అక్కడే వదలొద్దు, ఎండిన ఆకులోనూ విషం ఉంటుంది.