క్యాలిపర్ తీసేసి కూర్చోమంటున్నారు

ప్రశ్న: నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి కుడి కాలు చచ్చుబడింది. అప్పటి నుంచీ కాలికి ఊతంగా కట్టుకునే క్యాలిపర్‌తోనే నడుస్తున్నాను. ఉద్యోగం ఉంది, ఒక పాప. వచ్చే నెల మా ఆడపడుచు నిశ్చితార్థం. వియ్యాలవారు ఏమనుకుంటారోనని, ఆ పూటకు క్యాలిపర్ తీసేసి ఒకచోట కూర్చోమని అత్తగారు అంటున్నారు. మావారు నోరు మెదపడం లేదు. ఈమధ్య కాలు త్వరగా అలిసిపోతోంది కూడా. అసలు వెళ్లకుండా ఉండిపోనా?

జవాబు: మీరు వెళ్లాలి, క్యాలిపర్‌తోనే వెళ్లాలి. మోకాలి దగ్గరి లాక్ పడితే తప్ప మీ కాలు మీ బరువును ఆపలేదు కనుక, దాన్ని తీసేసి కూర్చోమనడమంటే మంచినీళ్లకూ బాత్‌రూమ్‌కూ కూడా మరొకరి చెయ్యి పట్టుకోమనడమే. పాప పిలిచిందని అలవాటుకొద్దీ లేచి అడుగు వేస్తే పడిపోతారు. అత్తగారికి ఈ సంగతి తెలియకపోవచ్చు. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్నా, ఆ తోలు పట్టీలు ఎందుకో, లాక్ తీస్తే ఏమవుతుందో దగ్గరగా చూసే కుటుంబాలు తక్కువ. ఒకరోజు ఆవిడ తీరికగా ఉన్నప్పుడు, ఆవిడ ఎదుటే క్యాలిపర్ తొడుక్కుని, లాక్ వేసుకుని లేచి చూపించండి.

ఇది వంశంలో ఉందా అని అవతలివారు అడుగుతారన్న బెరుకు కూడా ఆవిడ మాట వెనుక ఉండవచ్చు. పోలియో వైరస్ వల్ల వస్తుంది, వంశపారంపర్యంగా రాదు. అదీగాక మీరు ఆ ఇంటికి కోడలిగా వచ్చినవారు, ఆడపడుచుకు మీతో రక్తసంబంధమే లేదు. ఈ మాట వియ్యాలవారికి ముందుగానే, మామూలుగా, మీ భర్త చెప్పాలి. ఆయన మౌనం మిమ్మల్ని అత్తగారి మాటకంటే ఎక్కువగా బాధపెడుతోందని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది. గొడవ జరుగుతున్నప్పుడు కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు, “ఆ రోజు మీరు నా పక్కన నిలబడి, నా భార్య అని వాళ్లకు పరిచయం చేయాలి” అని స్పష్టంగా అడగండి. ఏం చేయాలో తెలియక ఊరుకునే మగవారికి చేయవలసిన పని ఫలానా అని చెప్పడం అవసరం.

అక్కడికి వచ్చినవారి చూపుల సంగతికి వస్తే, అన్ని చూపులూ ఒకటి కావు. మన దేశంలో సహజంగా వ్యాపించే పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది, 2014లో దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. ఇప్పటి పిల్లల్లో చాలామంది క్యాలిపర్‌ను చూసి ఎరుగరు, కాబట్టి వారు కళ్లప్పగించి చూస్తే అది కుతూహలమే. అడిగితే ఒక్క వాక్యంలో చెప్పండి. పూర్వజన్మ కర్మ అంటూ నిట్టూర్చే పెద్దవారి జాలి వేరు, దానికి సంజాయిషీ ఇవ్వవలసిన పని మీకు లేదు.

పూజ దగ్గర చెప్పులు విప్పవలసి రావడం మాత్రం నిజమైన ఇబ్బంది. కొన్ని క్యాలిపర్లకు బూటు విడిగా తీసి మార్చుకునే వీలుంటుంది, అటువంటిదైతే ఇంట్లోకి మాత్రమే వాడే శుభ్రమైన జత ఒకటి పెట్టుకోండి. బూటు దానికే బిగించి ఉంటే, తుడుచుకుని వస్తానని ఇంటివారికి ముందే చెప్పి ఉంచండి.

కాలు అలసటను మాత్రం నిశ్చితార్థం అయ్యేదాకా వాయిదా వేయకండి. పోలియో వచ్చిన 15 నుంచి 40 ఏళ్ల తర్వాత కొందరికి కండరాల్లో కొత్తగా బలహీనత, నొప్పి, అలసట మొదలవుతాయి, దీన్నే పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. పట్టుదలగా ఎక్కువ వ్యాయామం చేస్తే అది మరింత పెరగవచ్చు. క్యాలిపర్ పాతబడినా, కొలత సరిపోకపోయినా అలసట రావచ్చు కనుక, ఏది కారణమో డాక్టరే తేల్చాలి. తిరుపతిలోని టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి వంటి చోట ఎముకల వైద్యులతో పాటు క్యాలిపర్లు తయారుచేసేవారు కూడా ఉంటారు. ఈ వారంలోనే ఒకరోజు సెలవు పెట్టి, మీ భర్తను వెంటబెట్టుకుని వెళ్లండి. డాక్టరుగారు చెప్పేది ఆయన కూడా వినాలి.