సైకిల్ సందేహాలు: కార్బన్ ఫ్రేము గాజా, ఇనుమా?

ప్రశ్న: నా బరువు 84 కిలోలు. ఆదివారాలు తాటిపూడి చుట్టూ మట్టి బాటల్లో, ఓపికుంటే అనంతగిరి ఘాట్ దాకా తొక్కుతాను. హైదరాబాద్‌లో ఒకాయన మూడేళ్లు వాడిన కార్బన్ ఫుల్ సస్పెన్షన్ ఫ్రేము, వెనక కుదుపులు మింగే షాక్‌తో సహా సగం ధరకు ఇస్తానంటున్నారు. మా మామయ్యేమో "అది గాజురా, రాయి తగిలితే రెండు ముక్కలే" అంటున్నారు. కొనమంటారా? నా పాత సైకిల్ చక్రాలు దానికి పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, శృంగవరపుకోట

జవాబు: మీ మామయ్య మాటలో సగం నిజం, ఆ సగమే మీకు పనికొస్తుంది. తొక్కగా తొక్కగా అలసిపోయేది అల్యూమినియం. చిన్న ఒత్తిడే లక్షల సార్లు పడితే వెల్డింగ్ పక్కన ఎక్కడో వెంట్రుకంత చీలిక మొదలవుతుంది. కార్బన్‌కి ఆ జబ్బు చాలా తక్కువ. సైకిళ్ల భద్రతకు పెట్టిన ఐఎస్‌ఓ 4210 ప్రమాణంలో మౌంటెన్ బైక్ ఫ్రేముని మిషన్‌కి బిగించి 1200 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 120 కిలోల మనిషి పెడల్ మీద నిలబడినట్టు, లక్ష సార్లు తొక్కిస్తారు. కాబట్టి 84 కిలోలకు టెన్షన్ పడొద్దు. కంపెనీ రాసిన బరువు పరిమితిని మాత్రం ఒకసారి చూసుకోండి, అందులో మీ వీపు మీది బ్యాగు కూడా లెక్కే.

కార్బన్‌కి భయం దెబ్బతోనూ, నొక్కుడుతోనూ. సన్నటి పోగులకు ఎపాక్సీ పట్టించి, పొర మీద పొర పరిచి, అచ్చులో వేడి చేసి గట్టిపరుస్తారు. పోగుల వెంట ఎంత లాగినా ఓర్చుకుంటుంది గానీ, పక్క నుంచి మొనదేలిన రాయి కొట్టినా, రిపేరు స్టాండు దవడలు పట్టి నొక్కినా లోపల పొరలు విడిపోతాయి, పైన రంగేమో నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇనుము సొట్ట పడి చెప్తుంది, ఇది చాలాసార్లు చెప్పదు. నా ఫ్రేము ఒకటి ఇలాగే పోయింది, అదీ నా చేతుల్తోనే. కారు వెనక క్యారియర్‌లో టాప్ ట్యూబ్‌ని, అంటే పై గొట్టాన్ని పట్టించి, దారిలో ఊగకూడదని ఇంకో మెలిక బిగించాను. రామతీర్థంలో దించి బొటనవేలితో నొక్కితే ఆ చోట అట్టపెట్టెలా లోపలికి వెళ్లింది. ఆ రోజు ఒక్క కిలోమీటరు కూడా తొక్కలేదు.

అందుకే వీడియో చూసి డబ్బు పంపకండి, వెళ్లి చేత్తో చూడండి. బురద కడిగించి, తలకిందులు చేసి, డౌన్ ట్యూబ్ (కింది ఏటవాలు గొట్టం) అడుగు, చైన్‌స్టేలు (వెనక చక్రం దాకా వెళ్లే కింది గొట్టాలు), బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) చుట్టూ పాత బనియన్ గుడ్డతో మెల్లగా తుడవండి, పోగు లేచి ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. తర్వాత రూపాయి బిళ్ళతో అంగుళం అంగుళం తట్టండి. పుచ్చకాయ కొనేటప్పుడు వినే చెవే ఇక్కడా కావాలి: బాగున్న చోట టిక్ టిక్, పొర విడిన చోట డొబ్ డొబ్. గొట్టం మందం మారితే మోతా మారుతుంది కాబట్టి ఎడమ వైపు విన్నది కుడి వైపు అదే చోట తట్టి పోల్చుకోండి. అనుమానం వస్తే వదిలేయండి, రంగు కింద ఏముందో అమ్మేవాళ్లకీ తెలియకపోవచ్చు. వారంటీ కూడా చాలా కంపెనీల్లో మొదట కొన్నవాళ్లకే.

చక్రాల సంగతి. ఇప్పటి ఫ్రేముల్లో ఎక్కువ వాటికి వెనక యాక్సిల్ (ఇరుసు) 'బూస్ట్' రకం, 148 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మందం. మీ పాత చక్రం 135 క్విక్ రిలీజ్‌ది (చేత్తో మీట తిప్పి విప్పే సన్న ఇరుసు) అయితే అందులో కూర్చోదు. షాక్ మీద 210×55 లాంటి అంకెలు చూడండి, మొదటిది కన్ను నుంచి కన్నుకు పొడవు, రెండోది అది లోపలికి నొక్కుకునే దూరం, దాన్నే స్ట్రోక్ అంటారు. ఫ్రేముకి చెప్పిన దానికన్నా ఎక్కువ స్ట్రోక్ ఉన్న షాక్ ఎవరైనా వేసి ఉంటే, పెద్ద గుంతలో వెనక టైరు సీట్ ట్యూబ్‌ని కొట్టే ప్రమాదం ఉంది. బేరింగులు, షాక్ సర్వీసింగ్ కలుపుకుంటే సగం ధర కాస్తా ముప్పావు అవుతుంది. చేత్తో చూడనివ్వకపోతే ఆ డబ్బుతో కొత్త అల్యూమినియం ఫ్రేము తీసుకోవడమే నయం.

ప్రశ్న: కార్బన్ తుప్పు పట్టదన్నారు. కళింగపట్నం బీచ్ వైపు రోజూ తొక్కే నా సైకిల్ ఏడాదికే వెనక కిర్రు కిర్రుమంటోంది, ఎందుకు?
– ఒక పాఠకురాలు, గార

జవాబు: కార్బన్‌కి తుప్పు పట్టదమ్మా, దానికి బిగించిన వాటికి పడుతుంది. ఉప్పు తడి మధ్యలో ఉంటే కార్బన్‌ని ఆనుకున్న అల్యూమినియాన్ని తుప్పు ఇంకా త్వరగా తినేస్తుంది, సీటు పోస్టు లోపలే అతుక్కుపోయేది అందుకే. రెండు మూడు నెలలకోసారి బయటికి లాగి తుడిచి, కార్బన్ పేస్టు రాసి, ఫ్రేము మీద రాసిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి. కిర్రుమనేది బహుశా పివట్ బేరింగ్, అంటే ఫ్రేము వెనక భాగం ఊగే కీలులోని బేరింగ్. అది చక్రంలా గిర్రున తిరగదు, కొద్ది డిగ్రీలే అటూ ఇటూ ఊగుతుంది, గుండ్లు ఎప్పుడూ అదే చోట రుద్దుకుని గుంత పెడతాయి. సీలు మీద 6902 లాంటి నంబరు ఉంటుంది, అది చూపిస్తే బేరింగుల షాపులో ఇస్తారు. పివట్లకైతే గుండ్లు నిండుగా ఉండే రకం అడగండి. బైకులకు చేసే వాటర్ సర్వీసింగ్ మాత్రం వద్దు, ఆ ధారకి సీలు దాటి నీళ్లు లోపలికి పోతాయి.

ప్రశ్న: నా ఫ్రేము అడుగున స్టిక్కర్ మీద '3' అని ఉంది, సైజా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: సైజు అయ్యుండదు, ఎంత మోటు వాడకానికి చేశారో చెప్పే అంకె. ఏఎస్‌టీఎం ఎఫ్2043 అనే అమెరికా ప్రమాణం లెక్కలో 3 అంటే గతుకుల బాట, 61 సెంటీమీటర్ల లోపు దూకుళ్లు. 4 అయితే 122 దాకా. జీడితోట గట్టు మీంచి దూకే ముందు టేపు పెట్టి కొలవండి.